యూసుఫ్ భాయ్ ఖాళీ మిషన్

ఏడో తరగతి దాటని నేను సంస్మరణ వ్యాసం రాయడమంటే, గుండీ కుట్టడం రానివాడు షేర్వానీకి కత్తెర పట్టడమే. పైగా నా మాటకు సిద్దిపేటలో ఉన్న విలువ మొన్ననే తెలిసింది. శుక్రవారం పొద్దున్నే, నాతోపాటు పనిచేసే బాలమణక్క ఫోన్ చేసి, "మల్లేశం, భాయ్ పోయిండురా. నిద్రలనే పోయిండు," అంది. ఆ కబురు అందరికీ చెప్పబోయాను. మొదట ఫోన్ ఎత్తినవాడు, "పొద్దుగాల్నే మొదలువెట్టినవా నీ మజాక్‌లు?" అని పెట్టేశాడు. రెండోవాడు నవ్వాడు. ఇన్నేళ్లు ఊరిని నవ్వించి నేను ఆర్జించిన కీర్తి ఇదీ: నేను ఏడ్చినా నమ్మేవాడు లేడు. నా గొంతులో తేడా పట్టగలిగిన ఒక్క మనిషీ ఆ తెల్లవారుజామునే దివంగతుడయ్యాడు.

దర్జీ యూసుఫ్ భాయ్‌ని ఎరగనివారి కోసం రెండు ముక్కలు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే కార్ఖానా ఆయనది. కార్ఖానా అంటే పైన రేకులు, కింద కుట్టుమిషన్లు, మధ్యలో మేము. ఉపాధి కల్పన మీద మహామహుల గంభీరోపన్యాసాలు వేదికల కింద కుర్చీలు సర్దుతూ విన్నాను. భాయ్ ఉపన్యాసం చెప్పలేదు. తలుపు పక్కన ఎప్పుడూ ఒక ఖాళీ మిషన్ పెట్టేవారు. పొద్దున్నే దానికీ నూనె వేసి, దారం ఎక్కించేవారు. పని అడుగుతూ ఎవరొచ్చినా ఆ రోజే, ఆ మిషన్ ముందే కూర్చోబెట్టేవారు. అది నిండగానే ఎక్కడో ఒక పాత మిషన్ కొని, బాగుచేయించి, మళ్లీ ఆ జాగాలో పెట్టేవారు.

"ఇయ్యాల పని లేదు గద భాయ్, రేపు రమ్మంటే ఏమైతది?" అని ఒకసారి అడిగాను.

"పని అడగాలంటే మనిషి ఇంటికాడ ఎంత ధైర్యం జమజేసుకొని వస్తడో నీకెర్కనా? గా ధైర్యం రేపటిదాంక ఉండదురా," అన్నారు.

అలా జమచేసుకున్న ధైర్యంతోనే ఒకనాడు నేనూ వెళ్లాను. ఖాళీ మిషన్ ముందు కూర్చోబెట్టారు. సాయంత్రానికి నా చొక్కా చేతిని కూడా కలిపి కుట్టేసుకున్నాను. విడిపించుకోలేక గిలగిలలాడుతూ, "భాయ్, నౌకరి నన్ను వదుల్తలేదు," అన్నాను. కార్ఖానా అంతా పగలబడి నవ్వింది. ఆయన నవ్వుతూనే కత్తెర తీసి నన్ను విడిపించి, "నీ చెయ్యి పనికిరాదు. నోరు పనికొస్తది," అని టేపు నా మెడలో వేశారు.

బడికి వెళ్లి కొలతలు తీయడం నా ఉద్యోగమైంది. టేపు చూడగానే పిల్లలు ఊపిరి బిగబట్టి కట్టెల్లా నిలబడతారు. అప్పుడు తీసిన కొలతకు కుడితే చొక్కా బిగుతవుతుంది. అందుకని నేను వాళ్లను నవ్వించి కొలిచాను. ఆ ఏడాది చొక్కాలన్నీ రెండు వేళ్లు వదులయ్యాయి. తోటి దర్జీలు వేళాకోళం చేశారు. నా పని ఊడిందనుకుని టేపు తీసి బల్ల మీద పెట్టాను. భాయ్ దాన్ని మళ్లీ నా మెడలోనే వేశారు. "పిల్లగాడు నవ్వినప్పుడు ఎంత అయితడో, గదే అసలు కొలత," అన్నారు. ఆ మరుసటి ఏడు నుంచి మా చొక్కాలన్నీ నవ్వు కొలతకే కుట్టాం.

కాజాలు కుట్టే కొత్త మిషన్ అమ్మడానికి ఒకాయన వచ్చాడు. "నలుగురి పని ఒక్కటే జేస్తది," అన్నాడు.

"మరి గా నలుగురు దానికి చప్పట్లు కొడుతరా?" అన్నారు భాయ్.

అయినా దాన్ని కొన్నారు. కొన్న రోజే నన్ను స్కూటర్ వెనకాల ఎక్కించుకుని చేర్యాల బడులకూ, వర్గల్ గుడి దగ్గర గుడ్డసంచుల బేరానికీ తిరిగారు. "చేతులు మిగిలినయంటే పని తక్కువైనట్టు గాదు, మన తిరుగుడు తక్కువైనట్టు," అనేవారు. నలుగురిలో ఒక్కరినీ పంపించలేదు. ఆ సంచులు మొదలుపెట్టింది మా బాలమణక్కే.

జీవితమంతా సూదీ దారంతో గడిపిన మనిషి కుట్టు లేని గుడ్డలో వెళ్లిపోయారు. ఖబ్రస్తాన్‌లో అందరి వెనకా నిలబడ్డాను. కొలత తీయడానికి నాకేమీ మిగల్లేదు.

నాది ఒంటి బతుకు. పెళ్లిచూపుల్లో ఆడపిల్లవారిని కడుపుబ్బ నవ్వించేవాణ్ని; వాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోయేవారు. పగలంతా ఊళ్లో విన్నదీ కన్నదీ మనసులో పోగేసుకుని, సాయంత్రం చాయ్ వేళకు భాయ్ ముందు పోసేవాణ్ని. బాగుంటే ఆయన కాలు ఆగిపోయేది, మిషన్ ఆగేది. బాగలేకపోతే కుడుతూనే ఉండేవారు. ఇప్పుడు కూడా పోగేస్తూనే ఉన్నాను, అలవాటు కదా. సాయంత్రం గదికి వచ్చాక అవన్నీ అలాగే ఉంటాయి. గోడకు చెప్పి చూశాను. దాని మిషన్ ఆగలేదు.

నాలుగో రోజు కార్ఖానా తెరిచారు. భాయ్ భార్య తాళాలు బాలమణక్క చేతిలో పెట్టింది. మిషన్లన్నీ నిండుగా ఉన్నాయి. తలుపు పక్క మిషన్ ముందు పోయినవారమే ఒకామె చేరింది. దాని బదులు ఇంకొకటి తెచ్చేలోపే ఆయన వెళ్లిపోయారు. ఖాళీగా ఉన్నది ఒక్క భాయ్ మిషనే. దాని ముందరి స్టూలు మీద నేను కూర్చున్నాను. 'ఆ మహనీయుని స్థానం ఎన్నటికీ భర్తీ కానిది' అన్న వాక్యంతో ఈ వ్యాసం ముగించి, అశ్రునివాళి అర్పించాలని మనసులో సవరించుకుంటున్నాను.

అప్పుడే చిన్నకోడూరు నుంచి ఒకావిడ వచ్చింది. భుజాన సంచి, అందులో సద్దిగిన్నె. "భాయ్ పని ఇస్తడని చెప్పిన్రు," అంది, గడప అవతలే నిలబడి.

"భాయ్ లేడమ్మా. జాగ గూడ లేదు. రేపు రా," అన్నాను.

కార్ఖానాలో మిషన్లన్నీ ఒక్కసారి ఆగాయి. నా మాటకు అవి అలా ఆగడం భాయ్ పోయాక అదే మొదలు. బాలమణక్క కళ్లజోడు పైకి తోసి నన్ను చూసింది.

"ఏందిరా మల్లేశం, భాయ్ జాగల కూసోని భాయ్ ఎన్నడూ అనని మాట అంటున్నవ్? ఏడ్సుడు నిలవడి గూడ ఏడ్వొచ్చు. లే, ఆమెను కూసోనియ్యి."