ముందు చక్రాలేం పాపం చేశాయి?

కొత్త రబ్బరు వాసన తగిలితే చాలు, నాకు దాని వెంటే నిమ్మకాయ వాసన కూడా వస్తుంది, చుట్టుపక్కల నిమ్మకాయన్నది లేకపోయినా. నిన్న ఇంగ్లండులోని రీడింగ్ అనే ఊళ్ళో టైర్ల షాపులో కూర్చున్నప్పుడు మాత్రం నిజంగానే ఉన్నాయి, నాలుగు, నా హ్యాండ్‌బ్యాగులో. కౌంటరు వెనకాయన కిటికీలోంచి నా కారు చూసి, "ఇంజను తిప్పేది వెనక చక్రాలనే కదా, ఆ రెండింటికీ వింటర్ టైర్లు వేయించుకోండి, చాలు. అయినా ఇక్కడ మంచెక్కడ పడుతుంది?" అన్నాడు. మర్యాదగానే అన్నాడు పాపం. నాకే చర్రుమంది. ఆ కోపం నాకు రమణమ్మ ఆంటీ దగ్గర అంటుకుంది, ఇన్నేళ్ళయినా వదల్లేదు.

రమణమ్మ ఆంటీ మీకు తెలియదు. ప్రొద్దుటూరు నుంచి పెళ్ళి చేసుకుని న్యూకాసిల్ వచ్చి, భర్త పోయాక ఆ ఊళ్ళో డ్రైవింగ్ నేర్పి బతికిన మనిషి. నేనెరిగేనాటికే అరవై దాటాయి. ఐదడుగులు కూడా లేని ఆవిడ సీటు మీద దిండు వేసుకుని, చీర మీద ఉన్నికోటు తొడుక్కుని, ఇద్దరే పట్టే పాత ఎర్ర స్పోర్ట్స్ కారు ఏడాది పొడుగునా నడిపేది. మాస్టర్స్‌కి వచ్చిన మన పిల్లలు సగం మంది ఆవిడ తిట్లు తినే లైసెన్సు తెచ్చుకున్నారు. నేనూ తిన్నాను. రౌండబౌట్ దగ్గర తడబడితే, "యాడ చూస్తాండావు పాపా? రోడ్డు ముందరుండాది, నా మొగంలో లేదు" అనేది.

చదువయ్యాక ఊరికి దూరంగా, కొండ అవతల ఓ చిన్న ఆసుపత్రిలో రేడియోగ్రాఫర్‌గా చేరాను. పొద్దున్న ఏడింటి షిఫ్టులో నేనొక్కదాన్నే. నేను వెళ్ళి తలుపు తీస్తేనే అక్కడ ఎక్స్‌రే మొదలయ్యేది. ఆ వేళకి బస్సుల్లేవు. అందుకని కారు కొన్నాను. కొన్నది మాత్రం పెద్ద ఇంజనున్న నీలం కూపే, రెండు తలుపుల స్పోర్ట్స్ కారు, సెకండ్ హ్యాండ్‌ది. అదే ఎందుకు అంటే, ఇష్టమై. అంతకు మించిన కారణం అప్పుడూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

నవంబరు చలి రాగానే నా సరదా తీరిపోయింది. మంచు కూడా పడలేదు, రోడ్డు మీద తేమ తెల్లగా గడ్డకట్టిందంతే. కొండ ఎక్కబోతే వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి, బండి పక్కకి జారింది. నలభై నిమిషాలు ఆలస్యమైంది. వారం తిరక్కుండా మళ్ళీ అదే జరిగింది. మణికట్టు విరిగిన ఒక పెద్దాయన అంతసేపూ కారిడార్‌లో చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఆయన ముఖం చూడలేకపోయాను. మేనేజర్ గదిలోకి పిలిచి, "ఇంకొక్కసారి ఇలా జరిగితే నీ ప్రొబేషన్ కాగితం మీద నేను సంతకం పెట్టలేను. వేరే కారు సంగతి ఆలోచించరాదూ?" అంది. సంతకం లేకపోతే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే వీసా లేదు.

ఆ ఆదివారమే మన వాళ్ళ కార్తీక వనభోజనాలు. వనం లేదు, కమ్యూనిటీ హాలూ హీటర్లూను. నా సంగతి అప్పటికే అందరికీ చేరిపోయింది. సుధాకర్ అంకుల్ పెరుగు వడ నములుతూ అందరికీ వినపడేలా మొదలుపెట్టారు. "అమ్మాయ్ మాధవీ, ఆ కారు అమ్మెయ్. ఆడపిల్లవి, అంత స్పీడు బండి నీకెందుకమ్మా? నాలాగా ఫోర్ వీల్ డ్రైవ్ కొనుక్కో. స్పోర్ట్స్ కార్ల ముచ్చట్లన్నీ పెళ్ళయ్యాక మీ ఆయన చూసుకుంటాడులే."

చుట్టూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పుడు పులిహోర ప్లేటు పట్టుకుని మూలన కూర్చున్న రమణమ్మ ఆంటీ తలెత్తింది.

"సుధాకరూ, నీకు లైసెన్సు నాలుగో తూరి గదా వచ్చింది?"

"అదిప్పుడెందుకు ఆంటీ..."

"ఏంల్యా, గ్యాపకం వచ్చింది. కారుకు ఆడామగా తెలీదు నాయనా. రోడ్డు ఎంత చల్లగా ఉండాదో అదొకటే తెల్సు దానికి." ప్లేటు పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "లెయ్ పాపా. నీ బండి చూపిద్దువు రా."

బయట ఆవిడ రంగు చూడలేదు, ఇంజను అడగలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి గొంతుక్కూర్చుని, టైరులోకి బొటనవేలి గోరు గుచ్చి చూసింది. గోరు దిగలేదు.

"ఇవి ఎండాకాలం టైర్లు."

"మంచివే ఆంటీ, కొత్తవి కూడా."

"ఎండకు మంచివి. చలికి నెయ్యి గడ్డ కడతాది, నువ్వులనూనె కట్టదు గదా? ఈ రబ్బరు నెయ్యి మాదిరి. ఏడు డిగ్రీల కిందికి పోతే బిర్రబిగుసుకుంటాది. ఇంక రోడ్డును పట్టుకునేదెట్లా? దానికి మంచు పడాల్సిన పని ల్యా."

మరి ఏడాది పొడుగునా వాడే టైర్లు వేస్తేనో అని అడిగాను. ఊళ్ళో తిరిగే చిన్న బండ్లకు అవి చాలునంది, నా ఇంజనుకూ నా కొండకూ చాలవంది. పక్కన కొండ బొమ్మ, దాన్లో మంచు రేకు గుర్తు ముద్రించి ఉన్న వింటర్ టైర్లే కొనమంది. బండి వేగానికి అవి తగినవో కాదో చూసుకోమంది. చక్రాలు ఒక అంగుళం చిన్నవీ, టైర్లు ఇంకాస్త సన్ననివీ ఉండాలంది. వెడల్పు టైరు మంచు మీద తేలుతుందట, సన్నది తొక్కుకుంటూ కిందికి దిగుతుందట. "నాలుగూ మార్చల్ల. ఇన్నావా?" అంది. విన్నానన్నాను.

విన్నాను గానీ చెయ్యలేదు. చిన్న చక్రాలేస్తే నా నీలం కూపే అందమంతా పోతుందని బాధ. పైగా సైన్సు చదివినదాన్ని కదా, నా తెలివి నాకుంది. బండిని నెట్టేవి వెనక చక్రాలైతే ముందువాటికి ఎందుకు మార్చాలి? ఉన్న చక్రాలకే వెనక రెండు వింటర్ టైర్లు వేయించాను. ఇంటి ముందు పసుపూ కుంకుమా పెట్టి, కొత్తవి రెండే కాబట్టి ఆ రెంటి కిందే నిమ్మకాయలు పెట్టి తొక్కించాను. మురిసిపోతూ ఆంటీకి ఫోన్ చేసి రమ్మన్నాను.

వచ్చింది. కింద చితికి ఉన్న రెండు నిమ్మకాయలు చూసింది. ముందుకెళ్ళి చూసింది. మళ్ళీ వెనక్కొచ్చింది.

"ముందర చక్రాలేం పాపం చేసినాయి పాపా?"

నేను నా సిద్ధాంతం చెప్పాను. ఆవిడ తిట్టలేదు, దానికే నాకు భయం వేసింది. పక్క సీట్లో కూర్చుని, మూతబడిన పాత షాపుల వెనకున్న ఖాళీ కార్ పార్కుకి పోనిమ్మంది. పొద్దున్నే కదా, నేలంతా తెల్లగా గడ్డకట్టి ఉంది. "కదిలించు," అంది. బండి బ్రహ్మాండంగా కదిలింది. నేను నవ్వాను. "ఇప్పుడు ఎడమకు తిప్పు," అంది. స్టీరింగ్ మొత్తం తిప్పాను. బండి నా మాట వినలేదు. తిన్నగా పోతూనే ఉంది. "ఆపు!" అంది. బ్రేకు తొక్కాను. కాలి కింద బ్రేకు టకటకా కొట్టుకుంది తప్ప బండి ఆగలేదు. అది ఆగేసరికి గోడ మూరెడు దూరంలో ఉంది.

"పోయేది ఎవురన్నా పోతారు," అంది ఆంటీ, గోడ వంకే చూస్తూ. "ఆపడం చాతనైతేనే బండి నీది. నువ్వు అమ్మకుండా ఉండల్లనే నేను అంతమంది ముందర మాట్లాడినా. చచ్చిపోయి నా మాట తీసెయ్యొద్దు."

అక్కడే కూర్చుని ఏడ్చాను. ఏడుపయ్యాక చిన్న చక్రాలు, సన్న టైర్లు, నాలుగూ వేయించాను. బండి పొట్టి చెప్పులేసుకున్న పొడుగు మనిషిలా కనిపించింది. కనిపించనీ అనుకున్నాను. ఈసారి నిమ్మకాయలు ఆంటీయే తెచ్చింది, నాలుగు. అదే కార్ పార్కులో మళ్ళీ తిప్పించి, మళ్ళీ ఆపించి, సరేనన్నాకే ఇంటికి పోనిచ్చింది.

జనవరిలో, ప్రొబేషన్ ఇంకో వారంలో ముగుస్తుందనగా, మంచు పడింది. తెల్లారేసరికి మా వీధిలో కార్లన్నీ తెల్లటి గుట్టలైపోయాయి. గంట ముందే బయలుదేరాను. కొండ ఎక్కడం సాఫీగానే సాగింది. దిగుడులో మలుపు తిరగ్గానే ఓ బ్రెడ్ వ్యాన్ రోడ్డుకి అడ్డంగా జారిపోయి ఉంది. పక్కనే నిలబడ్డ డ్రైవరు నన్ను చూసి రెండు చేతులూ ఎత్తేశాడు. బ్రేకు తొక్కాను. ఈసారి ముందు చక్రాలు రోడ్డుని పట్టుకున్నాయి. బండి వంకర పోలేదు, వ్యానుకి ఇంకా ఒక కారు పట్టేంత దూరం ఉండగానే ఆగింది. డ్రైవరుకేం కాలేదని తెలుసుకుని, అంచున ఉన్న సందులోంచి మెల్లగా దాటుకుని వెళ్ళిపోయాను.

ఏడింటికి డిపార్ట్‌మెంట్‌లో ఫోన్ మోగింది. మేనేజర్. ఆవిడ ఇంటి నుంచే కదల్లేకపోయింది. ఫోను నేనెత్తుతానని ఆవిడ అనుకోలేదు.

"మాధవీ? ఎలా వచ్చావు?"

"నా కార్లో వచ్చాను," అన్నాను. ఆ మాట చెప్పడం కోసమే రెండు నెలలు బతికినట్టనిపించింది. అప్పటికే తుంటి విరిగిన ఒక ముసలావిడ స్ట్రెచర్ మీద ఎదురుచూస్తోంది. ఆవిడని కారిడార్‌లో ఎక్కువసేపు ఉంచాల్సిన పని పడలేదు. ఆ తర్వాతి వారం సంతకం అయింది.

మంచు పడిన రోజే ఆంటీకి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఎక్కడం గురించి ఆవిడ అడగనేలేదు. "దిగేటప్పుడు?" అంది. "ఆగింది ఆంటీ," అన్నాను. అవతల ముక్కు చీదిన శబ్దం. "సరే, పని చూస్కో పో," అని పెట్టేసింది.

కొన్నేళ్ళకు ఆవిడ చూపు తగ్గింది. మానెయ్యమని చెప్పే దమ్ము మాలో ఎవరికీ లేదు. ఆ అవసరం కూడా రాలేదు. ఒకరోజు తనే లైసెన్సు కవరులో పెట్టి, దాన్నిచ్చిన ఆఫీసుకే తిరిగి పోస్టు చేసి, నాకు ఫోన్ చేసింది. "ఎందుకాంటీ, ఇంకొన్నాళ్ళు చూడాల్సింది," అన్నాను. "ఇంతమందికి ఆపడం నేర్పినా, నాకు చాతగాకపోతే ఎట్లా పాపా?" అంది. పోయిన వసంతంలో ఆంటీ పోయింది. సుధాకర్ అంకుల్ అందరికన్నా గట్టిగా ఏడ్చారు.

నిన్న ఆ టైర్ల షాపాయనకి చెప్పాను, మంచు పడక్కర్లేదు, ఏడు డిగ్రీలు చాలని. నాలుగూ వెయ్యమన్నాను. వేసి బండి బయట పెట్టాక నిమ్మకాయలు తీసి చక్రాల కింద పెడుతుంటే ఆయన వింతగా చూశాడు. వెనక రెండూ పెట్టి ముందుకి నడుస్తుంటే, "ముందు కూడానా?" అని అడిగాడు.

"ముందు చక్రాలేం పాపం చేశాయి?" అన్నాను.

నేను ఎక్కి బండి కదిలించగానే నాలుగు నిమ్మకాయలూ చితికి ఆ వాసన లోపలికొచ్చింది. రోడ్డెక్కే ముందు, వెనక ఎవరూ లేరని అద్దంలో చూసుకుని, ఒక్కసారి బ్రేకు తొక్కాను. ఆగింది ఆంటీ.