పుంగనూరులో దిగిపోయిన మెకానిక్

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. మదనపల్లెలో కుప్పానికి టాక్సీ ఎక్కాను. వెనక సీట్లో నా పక్కన ఖాకీ చొక్కా పెద్దాయన. ఆగినప్పుడల్లా ఇంజన్ ఆరిపోతోంది, కదిలితే బండి దూకుతోంది.

"థ్రాటిల్ సెన్సర్ పోయిండాదప్పా, పెడల్ ఎంత తొక్కినామో ఇంజన్‌కు చెప్పేది అదే. నేను మెకానిక్‌ని," అన్నాడాయన డ్రైవరుతో.

పుంగనూరులో బానెట్ ఎత్తించి, సెన్సర్ వైరుకు తన సంచీలోని మీటరు పెట్టాడు. డ్రైవరు యాక్సిలరేటర్ పెడల్ మెల్లగా తొక్కుతుంటే మీటరు ముల్లు మధ్యలోనే సున్నాకు పడిపోయింది. కొత్త సెన్సర్ తెప్పించి బిగించాడు. ఇంజన్ ఆరిపోలేదు గానీ, నిలబడిన చోటే అరుస్తోంది.

"ఇంజన్ వేగం పెంచే ఈ స్క్రూ ఎవురు తిప్పింది?" అన్నాడు పెద్దాయన.

"ఆరిపోకుండా నేనే బిగించినాన్నా. డ్రైవర్లమంతా అట్లే చేస్తాం గదా."

"ఇప్పుడు వదులు చెయ్యల్ల. లేకుంటే కాలు తీసినా బండి పోతానే ఉంటాది."

"వద్దన్నా, మిట్టలో మళ్లీ ఆరిపోతాది." డ్రైవరు బానెట్ మూసేసి, బంపరుకు కొత్త నిమ్మకాయ కట్టాడు.

పెద్దాయన సంచీ తీసుకున్నాడు. "నువ్వూ దిగప్పా, బస్సులో పోదాం," అన్నాడు నాతో. నేను నవ్వి, సీట్లో సర్దుకుని కూర్చున్నాను.

పలమనేరు దాటాక, దిగుడులో, రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద. డ్రైవరు పెడల్ మీంచి కాలు తీశాడు. ఇంజన్ అరుపు తగ్గలేదు; బ్రేకు తొక్కినా బండి ముందుకే లాగుతోంది. అతను అద్దంలోంచి నన్ను చూశాడు. నా చేయి పక్కనున్న ఖాళీ సీటును గట్టిగా పట్టుకుంది.