టీచరమ్మగారి తాళాలు

మా ఎదురింటి టీచరమ్మగారు పోయిన వారం నిద్రలోనే వెళ్లిపోయారు. తలుపు పగలగొట్టాల్సిన పని పడలేదు. చావు కబురులో ఈ మాటేమిటని మీకు అనిపించవచ్చు గాని, నర్సీపట్నంలో మా వీధివాళ్లంతా నన్ను ముందుగా అడిగింది అదే.

ఆవిడ హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు, ఒక్కరే ఉండేవారు. వెనక వీధిలో దొంగలు పడ్డాక ఆవిడ ధ్యాసంతా తాళాల మీదకి మళ్లింది. మొదట బరువైన తాళంకప్ప కొన్నారు. "గొళ్లెం స్క్రూలు ఊడదీస్తే కప్ప ఎంత బరువుంటే ఏటి?" అని తనే దాన్ని పెరటి తలుపుకి మార్చేశారు. తరవాత, తలుపు మూస్తే దానంతటదే పడిపోయే నైట్ లాచ్ వేయించారు. ఒక శుక్రవారం గడపకి పసుపు రాస్తుంటే గాలికి తలుపు పడిపోయింది. తాళంచెవి లోపల, పాలు పొయ్యి మీద, ఆవిడేమో పసుపు చేతులతో మా గుమ్మంలో. వడ్రంగి వచ్చేసరికి మాడు వాసన మా వంటింటిదాకా వచ్చింది. ఆపైన వేలిముద్ర తాళం వచ్చింది. ఏళ్ల తరబడి సుద్దముక్కలు పట్టి అరిగిన ఆ వేళ్లని అది ఒప్పుకోలేదు. "ఊరంతా నన్ను గుర్తుపడతాది, ఇది తప్ప" అని నవ్వి తిరిగి ఇచ్చేశారు.

చివరికి తలుపు చెక్కలోనే అమరిపోయి, లోపలినుంచీ బయటినుంచీ తాళంచెవితో తెరుచుకునే తాళం నచ్చింది. రెండో చెవి నా చేతిలో పెట్టారు. బాగానే ఉంది. కానీ రాత్రిపూట లోపల ఇనప గడియ కూడా వేసేవారు. అది వేశాక నా చెవి ఎందుకు పనికొస్తుంది? అసలే బీపీ మనిషి. లోపల పడిపోతే ఎవరు చూస్తారని దెబ్బలాడేదాన్ని.

"తాళం దొంగ కోసమే అమ్మాయ్. గడియ నా నిద్ర కోసం" అనేవారు.

ఆవిడ నిద్ర సంగతేమోగాని నాకు మాత్రం నిద్ర పట్టేది కాదు. ఒకరోజు ఉండబట్టలేక ఆవిడ ఎదుటే ఏడ్చేశాను. "సర్లే, సూద్దాం" అన్నారు. ఆ తరవాత నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఆవిడ పోయిన రోజు పొద్దెక్కినా పాలపాకెట్టు గుమ్మంలోనే ఉంది. పిలిస్తే పలకలేదు. చెవి తిప్పానుగాని తలుపు నెట్టడానికి చెయ్యి రాలేదు. నెట్టాను. తెరుచుకుంది. ఆవిడ పక్కకి ఒత్తిగిలి, చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకున్నట్టే ఉన్నారు. నాకు ముందు ఊరటే కలిగింది, ఏడుపు తరవాత వచ్చింది.

రావికమతం నుంచి వాళ్ల తమ్ముడుగారు వచ్చి దీపం పెట్టారు. పెద్దకర్మ అయ్యేదాకా దీపమున్న ఇంటికి తాళం వెయ్యకూడదన్నారు. అన్ని తాళాలు చూసిన ఆ ఇల్లు ఇప్పుడు పగలంతా బార్లా తెరిచే ఉంటోంది. దీపంలో నూనె పొయ్యడానికి వెళ్లినప్పుడు తలుపు వెనక గడియ చూశాను. నిద్రమత్తులో అలవాటుకొద్దీ చెయ్యి పోయినా పడకుండా, దాన్ని వెనక్కి లాగి, పాత చీర అంచు ముక్కతో తలుపు పిడికి గట్టిగా కట్టేసి ఉంది. రంగు వెలిసిన ఆ ముడిని ఎవరూ విప్పలేదు. గాలికి తలుపు కదిలినప్పుడల్లా దాని కొస ఊగుతోంది.