ఎవరి చెయ్యి?

పైలట్ల సంఘం సమావేశంలో చెయ్యెత్తిన రోజు నుంచీ చువో షూ-హ్వాకి కంటి మీద కునుకు లేదు. కంపెనీతో చర్చలకి కో-పైలట్ల తరఫున ఎవరు కూర్చుంటారని అడిగితే, తావ్‌యువాన్‌లోని ఆ హాల్లో అందరూ తమ బూట్లకేసి చూసుకున్నారు. ఆ మౌనం భరించలేక ఆమె చెయ్యెత్తింది, అంతే. ధైర్యం ఉండి కాదు.

ఇలాన్ దగ్గర సాన్‌షింగ్ అనే పల్లెలో ఉల్లికాడలు పండించేవాళ్ల పిల్ల ఆమె. విమానాశ్రయంలో టికెట్ల కౌంటర్లో నిలబడి పనిచేస్తూ, పరీక్ష రాసి, కంపెనీ ఖర్చుతో పైలటయింది. అందుకు బదులు పదిహేనేళ్లు కంపెనీ విడిచి వెళ్లనని సంతకం పెట్టింది. జీతం మంచిదే గానీ, అందులో పెద్ద భాగం గాల్లో గడిపిన గంటలకి వచ్చేది. నేల మీద కూర్చోబెడితే మిగిలేది కొంచెమే.

అయినా సంఘం ఆ ఏడు ముందుగా అడిగింది జీతం కాదు. రాత్రికి రాత్రి వెళ్లి వచ్చే దూరపు విమానాల్లో ఇద్దరు కాదు, ముగ్గురు పైలట్లు ఉండాలని. అలాంటి ఒక ప్రయాణంలో షూ-హ్వా కూర్చున్నచోటే నిద్రపోయింది. కళ్లు తెరిచి చూస్తే పక్క సీట్లో కెప్టెన్ కూడా నిద్రలోనే ఉన్నాడు. ఎంతసేపలా వచ్చారో ఇద్దరికీ తెలీదు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు.

చర్చలు మొదలవకముందే ఆమెకి సిమ్యులేటర్ పరీక్ష వచ్చింది. పైలట్లందరికీ ఏడాదికి రెండుసార్లు తప్పని పరీక్ష అది. గదిలో బొమ్మ కాక్‌పిట్, అద్దాల్లో బొమ్మ ఆకాశం. పరీక్షించేది పెంగ్ కెప్టెన్. ఒకప్పుడు ఆమెకి విమానం దింపడం నేర్పినవాడే. ఇప్పుడు పై ఆఫీసుకి కుడిభుజం.

"ఓహో, నాయకురాలు గారే! రండి, కూర్చోండి. మీకు ఏ లోటూ రానివ్వను," అన్నాడు నవ్వుతూ.

కెప్టెన్ కూర్చోవాల్సిన ఎడమ సీట్లో యో జిన్-హాన్ అనే మరో కో-పైలట్ కూర్చున్నాడు. నెమ్మదస్తుడు, కొత్తగా పెళ్లయినవాడు, సంఘంలో చేరనివాడు. విమానం ఆమె నడపాలి, మీటల పని అతను చూడాలి.

నేల విడిచారో లేదో కుడి ఇంజనుకి మంట అంటుకుంది. గంట మోగింది, ఎర్రదీపం వెలిగింది. బొమ్మ మంటే అయినా ఆమెకి నిజంగానే భయమేసింది. ఇంజను ఆపి మంటార్పే మీటల వైపు జిన్-హాన్ చెయ్యి చాపాడు. ఆ చెయ్యి వెళ్లింది ఎడమ ఇంజను మీట మీదికి. బాగున్న ఇంజను మీదికి.

"అది కాదు! కుడిది!" అని షూ-హ్వా అతని మణికట్టు పట్టేసుకుంది.

తర్వాత పొగమంచు. దిగబోతే రన్‌వే మీద అడ్డంగా బండి. మళ్లీ పైకి లేస్తే ముందున్న తెరలు నల్లబడ్డాయి. ఒక పరీక్షలో ఇన్ని కష్టాలు ఎవరూ పెట్టరు. వెనక నుంచి పెంగ్ తాపీగా ఆ కష్టాలు తెచ్చే మీటలు నొక్కుతున్నాడు. ఎలాగో దింపింది.

"మంచి ఇంజను ఆపబోయారు. ఇది చాలు, పరీక్ష తప్పినట్టే," అన్నాడు పెంగ్ పక్క గదిలో.

"ఆ చెయ్యి నాది కాదు సార్."

"మరి ఎవరిది? ఏం జిన్-హాన్, నువ్వు చెప్పు."

జిన్-హాన్ బల్లకేసి చూశాడు. "నాకు సరిగ్గా గుర్తు లేదు సార్."

పరీక్ష గదిలో కెమెరా తీసిన వీడియో చూద్దామని ఆమె అడిగేసరికే అది చెరిగిపోయింది.

మరునాటికి ఆమె పేరు విమానాల పట్టికలో లేదు. సంఘం వాళ్లు మరో పరీక్షకుడు కావాలని అర్జీ పెట్టారు. షూ-హ్వా సాన్‌షింగ్ బస్సెక్కింది. కొట్టంలో, నీళ్లతొట్టి అంచున కూర్చుని ఉల్లికాడలు కడుగుతున్న తల్లి తలెత్తింది.

"ఏమిటే, చెప్పాపెట్టకుండా? ఉద్యోగం ఊడిందా?"

"లేదమ్మా. కూర్చోబెట్టారు."

"కూర్చోబెడితే మంచిదేగా, నడుం నెప్పన్నావుగా మొన్న."

"నవ్వకమ్మా. భయంగా ఉంది."

తల్లి నవ్వడం ఆపి, చిన్నపీట ఇటు జరిపింది. ఇద్దరూ కాసేపు కాడల మట్టి వదిలించారు. చల్లటి నీళ్లలో తన చేతిని చూస్తుంటే షూ-హ్వాకి అనుమానం పట్టుకుంది. నిజంగా ఆ చెయ్యి అతనిదేనా? తనదేమో? పెంగ్ అంత నిబ్బరంగా అన్నాడే! ఒకవేళ తనదే అయితే, రేపు వెనకాల అంతమంది మనుషులతో ఎగిరేటప్పుడు? ఉద్యోగం పోతుందన్న భయం దీని ముందు చిన్నదైపోయింది. రోజుకి పదిసార్లు కళ్లు మూసుకుని ఆ క్షణాన్ని తిరగేసుకునేది. తిరగేసిన కొద్దీ అది మసకబారేది.

ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"అక్కా, జిన్-హాన్‌ని," గొంతు సన్నగా ఉంది. "సంఘం ఆఫీసుకెళ్లి చెప్పేశాను. చెయ్యి నాది. అక్కడి నుంచే కంపెనీకి కూడా రాసిచ్చాను."

షూ-హ్వా తొట్టి పక్కనే కూలబడింది. "నిన్నేమన్నా చేస్తారురా."

"చేస్తారు. మా ఆవిడ కూడా అదే అంది. కానీ అన్నం సయించట్లేదక్కా. మీరు పట్టుకోకపోతే నేను ఆపేసేవాణ్ణి దాన్ని."

"నాదేమో అనుకున్నాను, తెలుసా," అంటూ ఆమె ఏడ్చేసింది.

రెండో పరీక్ష వేరే కెప్టెన్ పెట్టాడు. ముందు బాత్‌రూములో వాంతి చేసుకుని, మొహం కడుక్కుని వెళ్లింది. పాసయింది. జిన్-హాన్‌ని మళ్లీ శిక్షణకి పంపి, చాలాకాలం ఎగరనివ్వలేదు. ఆ మధ్యలోనే అతను సంఘంలో చేరాడు. చర్చలు తెగక సమ్మెకి ఓట్లు వేసినప్పుడు ఎవరూ అనుకోనంతమంది అవునన్నారు. సమ్మె దాకా రాకుండానే, దూరపు రాత్రి విమానాలు కొన్నిట్లో మూడో పైలట్‌కి కంపెనీ ఒప్పుకుంది. కొన్నిట్లోనే.

పెంగ్ ఆ మాట మళ్లీ ఎత్తలేదు. వరండాలో ఎదురైతే "భోంచేశారా?" అని అడిగి వెళ్లిపోయేవాడు. ఆమె తలూపేది. తోటివాళ్లందరూ కెప్టెన్లయిన చాన్నాళ్లకి గానీ షూ-హ్వాకి భుజం మీద కెప్టెన్లకుండే ఆ నాలుగో చార రాలేదు. ఎందుకని ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఇప్పటికీ పరీక్ష ముందురోజు ఆమెకి ముద్ద దిగదు. చర్చలకి మాత్రం ప్రతి ఏడూ ఆమే వెళ్తోంది, మాట్లాడేటప్పుడు చేతుల వణుకు కనపడకుండా బల్ల కింద పెట్టుకుని.