ఈరన్న చీటీ మీద నేను వేసిన అంకె

పదకొండేళ్ళుగా ఒక మనిషి నా రొమ్ము మీద కూర్చుని ఉన్నాడు. బరువెంతని అడగకండి, నన్నడిగితే బళ్ళారి గుట్టంత అంటాను. పిల్లిని పులిని చేసి నలుగురిని నవ్వించడమే నా బతుకు. ఈ ఒక్కటి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. చెప్పగలనా?

యాభై ఏడులో ఫ్లూ వచ్చినప్పుడు నేను ఒక ఆసుపత్రిలో కాంపౌండరుని. వార్డులో దగ్గు వింటే డ్యాము గేట్లన్నీ ఒక్కసారి ఎత్తినట్టుండేది. జ్వరంతో వచ్చినవాళ్ళలో చాలామంది నాలుగు రోజులకు లేచి పోయేవాళ్ళు. కొందరికి మాత్రం ఉన్నట్టుండి ఊపిరి అందేది కాదు. ఎవరికలా అవుతుందో ముందే పట్టడానికి మా డాక్టరుగారు ఒక పద్ధతి పెట్టారు. రోజూ పొద్దున ప్రతి రోగీ ఒక్క ఊపిరిలో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాలి. ఎక్కడ ఆగితే ఆ అంకె నేను చీటీ మీద వెయ్యాలి. పదిలోపు ఆగితే, మనిషి పైకి ఎంత బాగున్నా, మూలన ఆక్సిజన్ సిలిండరు పక్క మంచానికి మార్చేవారు.

ఆ మంచానికి నేనొక పేరు పెట్టాను: మెయిలు బండి. ఎక్కినవాడు పక్క స్టేషను హగరిలో కూడా దిగడు, నేరుగా పైకే అని. వార్డంతా నవ్వింది. నిజానికి ఆ మంచం మీద నుంచి లేచి ఇంటికి వెళ్ళినవాళ్ళే ఎక్కువ. కానీ నిజంలో నవ్వేముంది?

హచ్చొళ్ళి రైతు ఈరన్న కూడా నవ్వాడు. మూడో రోజు పొద్దున ఆరు దగ్గర ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ఆరు దగ్గరే. నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎంత ఏస్తాండావప్పా?"

"ఆరు."

"బేడప్పా, వద్దు. నన్ను ఆ బండి ఎక్కించొద్దు."

"ఏయ్, అది తమాషాకి అన్న మాట ఈరన్నా."

"తమాషా ఏంది? నువ్వే గదా... అనింది. మడి నాటల్ల నేను. పద్దెనిమిది... ఏయప్పా. నీకు పుణ్యముంటాది."

నవ్వాను. వేశాను. ఎందుకు? జాలి అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. జాలేనా? నా మాటను ఒక మనిషి అంతగా నమ్మాడన్న గర్వం లేదా అందులో? అది అబద్ధమని, ఆ మంచమే నిన్ను బతికిస్తుందని గట్టిగా చెబితే నా హాస్యం పలచనవుతుందని జంకలేదా?

డాక్టరుగారు చీటీ చూసి, ఈరన్న భుజం తట్టి ముందుకు నడిచారు. మూల మంచం ఆ పూటంతా ఖాళీగానే ఉంది. మధ్యాహ్నానికి ఈరన్న గోళ్ళు నేరేడు పండు రంగుకు తిరిగాయి. అప్పుడు పరుగెత్తి సిలిండరు తెచ్చాం. దీపాలు పెట్టకముందే పోయాడు.

అంతటితో ఆగలేదు. మర్నాడు డాక్టరుగారు చీటీల కట్ట పక్కన పడేశారు. పద్దెనిమిది లెక్కపెట్టినవాడే సాయంత్రానికి పోతే ఈ లెక్కను నమ్మేదెట్లా అన్నారు. నేను ఆయనకు మూరెడు దూరంలో నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. ఆ రోజు నుంచి వార్డులో ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ తర్వాత ఊపిరాడక పోయినవాళ్ళలో ఎంతమందిని ఆ లెక్క ముందే పట్టిచ్చేదో నాకు తెలియదు. దేన్నయినా వందరెట్లు చేసి చెప్పే నాకు, ఈ సంఖ్యను ఊహించడానికే ధైర్యం చాలడం లేదు.

ఈరన్న భార్య వెళ్తూ నాకు దండం పెట్టింది. ఆయనను చివరిదాకా నవ్వించానట.

క్షమాపణ కోసం రాయడం లేదు. ఇవ్వవలసినవాడు లేడు. డాక్టరుగారికి రాయాలని ఎన్నోసార్లు కూర్చుని లేచాను. చివరికి ఇది చదివే మీకు రాశాను. ఇకనుంచి నన్ను తిట్టుకునేది నేనొక్కడినే కాదు. అదే కాస్త తెరిపి.