లేడిల్ దించిన రాత్రి

మా కోడలు హోసూరు దగ్గర ఫోన్ల విడిభాగాలు చేసే కంపెనీలో పని చేస్తుంది. ఈ నెల ఆమెకు నైట్ షిఫ్టు. మొన్న పొద్దున కంపెనీ బస్సు దిగి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా అరుగు మీద కూర్చున్నది కూర్చున్నట్లే నిద్రలోకి జారిపోయింది. లేపి లోపలికి పంపుదామని దగ్గరికి వెళ్ళిన నేను, ఆమె తల ఒక పక్కకు వాలి, అంతలోనే ఉలిక్కిపడి నిటారుగా లేవడం చూసి అక్కడే ఆగిపోయాను. ఆ ఉలికిపాటు నాకు తెలుసు. రాత్రిళ్ళు కష్టపడి బతికిన మా ఈడువాళ్ళందరికీ తెలుసు.

మాది బర్గూరు పక్కన గొర్రెలు కాచుకునే కుటుంబం. మా అక్కను పెళ్ళాడిన బావ అప్పటికే హోసూరులో ఒక ఇనుము పోత పోసే ఫౌండ్రీలో పనిచేస్తుండేవాడు, నన్నూ ఆయనే అక్కడ చేర్పించాడు. కొంతకాలానికి నేను క్రేను నడపడం నేర్చుకున్నాను. షెడ్డు కప్పు కింద పట్టాల మీద నడిచే క్రేను అది. దాని క్యాబిన్‌లో నేను కూర్చుంటే, కింద బావ నిలబడి చేతి సైగలతో దారి చూపేవాడు. కరిగిన ఇనుమును లేడిల్ అనే పెద్ద బకెట్‌లోకి వంపితే, దాన్ని కొలిమి దగ్గర నుంచి ఎత్తుకుపోయి అచ్చుల దగ్గరికి చేర్చడం మా ఇద్దరి పని. నా చెయ్యి తడబడితే ఆ నిప్పు ముందు పడేది మా అక్క మొగుడి మీదే.

రాత్రి పనికి ఒంటిని సిద్ధం చేసుకోవడం ఒక విద్య. సంగటి కడుపునిండా తిని పోతే నడిరాత్రికే కళ్ళు మూతలు పడతాయి కాబట్టి, మా ఆవిడ సాయంత్రం కొంచెమే పెట్టి, మజ్జిగ కలిపిన అంబలి సీసాలో పోసి ఇచ్చేది. టీని తొందరపడి తాగకుండా, నిద్ర ముంచుకొచ్చే వేళకు దాచుకునేవాళ్ళం. మాకున్నది రేకుల కప్పుతో ఒంటి గది. పగలు అది పెనంలా కాలుతుంటే, ఆవిడ తడి గోనెపట్టా కిటికీకి కట్టి, చంటిబిడ్డను ఎత్తుకుని పక్కింటి వసారాలో కూర్చునేది, నా నిద్ర చెడకూడదని. ఇంత చేసినా తెల్లవారుజాముకు ముందు నిద్ర ఆగని ఒక గడ్డు వేళ ఉండేది, ఎవరికైనా సరే. మా షెడ్డులో మాత్రం సరిగ్గా ఆ వేళకే పెద్ద పోత పడేది. తుడవడం, గ్రీజు పెట్టడం, తుక్కు సర్దడం లాంటి పనులన్నీ మేము చురుగ్గా ఉండే తొలిరాత్రిలోనే అయిపోయేవి. ఎవరు పెట్టిన పద్ధతో, ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ ఏడు చింతకాయ దులిపే కాలంలో మా నాయన చెట్టు మీద నుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. కృష్ణగిరి ఆస్పత్రిలో చేర్చారు. మా అమ్మకు డాక్టర్లతో మాట్లాడటం బెదురు. మా ఆవిడకు ఒళ్ళో పసిబిడ్డ. సెలవు అడుగుదామంటే, పని ఖాయం చేస్తారని ఆశపడుతున్న రోజులవి. అందుకని తెల్లవారి షిఫ్టు దిగగానే కృష్ణగిరి బస్సెక్కి, పగలంతా నాయన మంచం పక్కన ఉండి, సాయంత్రం తిరిగి వచ్చి డ్యూటీకి పోవడం మొదలుపెట్టాను. దారిలో శూలగిరి దాటేటప్పుడు బస్సులో కమ్మీ పట్టుకుని కునికే కునుకే నా నిద్ర. అలా కొన్నాళ్ళు గడిచాక ఒక సాయంత్రం మా ఆవిడ సీసా చేతికి ఇవ్వకుండా గుమ్మంలో నిలబడింది.

"ఈ పొద్దు పోకుండా ఉండేకి కాదా? కండ్లు చూసుకున్నారా, నెత్తురు మాదిరి ఉండాయి" అంది.

నేను నవ్వేసి సీసా తీసుకుని వెళ్ళాను.

ఆ రాత్రి మొదటి సగం ఎలాగో నెట్టుకొచ్చాను. ముఖం కడుక్కున్నాను, పచ్చిమిరపకాయ కొరికాను, దాచుకున్న టీ తాగాను. పోత వేళ అయింది. లేడిల్ నిండింది, బావ చెయ్యి పైకెత్తాడు, నేను ఎత్తాను. ఆ తరువాత నాకు తెలిసింది ఏమిటంటే, లేడిల్ సగం దారిలో ఉంది. కొలిమి దగ్గర ఎత్తడం గుర్తుంది. అక్కడి నుంచి ఇక్కడికి ఎలా వచ్చిందో గుర్తులేదు. చేతులు వాటంతట అవే నడిపాయి. కింద బావ ఏమీ ఎరగకుండా, నా మీద నమ్మకంతో, ఆ ఎర్రటి వెలుగులో వెనక్కి అడుగులు వేస్తూ రమ్మని సైగ చేస్తున్నాడు.

ఇంకాస్త దూరమే, పోసేద్దాం అని ఒక మనసు అంది. మళ్ళీ కళ్ళు మూతపడితే అని ఇంకో మనసు. బావకు ఆగమని గంట కొట్టి, లేడిల్‌ను అంగుళం అంగుళంగా దించి నేల మీద పెట్టాను. క్రేను ఆపేసి, నిచ్చెన దిగాను.

సూపర్‌వైజరు పరుగున వచ్చాడు. ధర్మపురి వైపు తమిళాయన, మాతో మా తెలుగులోనే మాట్లాడేవాడు. లేడిల్‌లో ఇనుము పైన అప్పుడే పొర కట్టడం మొదలైంది. ఇంకాసేపు ఆగితే అంతా గడ్డకట్టి లేడిలే పాడవుతుంది.

"ఏమప్పా, ఏమైంది నీకు? మెటల్ ఆరిపోతా ఉండాది, ఎక్కు!" అని అరిచాడు.

"నా చేత కాదు సార్. కన్ను మూసింది నాకే తెలీలేదు. కింద మనుషులు ఉండారు."

"ఇప్పుడా చెప్పేది? రేపు నీకు ఈడ పని ఉంటాదనుకుంటివా?"

అప్పుడు బావ మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడ్డాడు. "వాణ్ణి ఎక్కించొద్దు సార్. ఎక్కిస్తే కింద నేను నిలబడను" అన్నాడు. పిల్లలు గలవాడు, ఆ మాటతో తన పని కూడా పోవచ్చని తెలిసే అన్నాడు.

సూపర్‌వైజరు మమ్మల్నిద్దరినీ ఒక్క క్షణం చూసి, చొక్కా చేతులు మడిచి, తనే నిచ్చెన ఎక్కాడు. ఎప్పుడో క్రేను నడిపిన మనిషి. లేడిల్ ఊగుతూ లేచింది. చివరి అచ్చు దాకా పోసి ఆయన కిందికి దిగేసరికి చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది. చివరి అచ్చులు కొన్ని చెడిపోయాయి.

పొద్దున్నే మేనేజరు గదిలోకి పిలిచారు. పని పోయినట్లేనని, నాయనకు ఏమని చెప్పాలా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. మేనేజరు కేకలు వేస్తుండగా, రాత్రి నా మీద అరిచిన ఆ సూపర్‌వైజరే మధ్యలో అందుకుని, "ఈయప్ప దిగకపోయింటే ఈ పొద్దు మనం ఆస్పత్రిలో నిలబడి ఉంటిమి సార్. నేనే పైకెక్కి చూసినాను, ఆ వేళకు నా కన్నే నిలబడలేదు" అన్నాడు. నన్ను కొన్నాళ్ళు జీతం లేకుండా ఇంటికి పొమ్మన్నారు, పనిలోంచి తీసేయలేదు. ఆ పగలు తడి గోనెపట్టా నీడన నేను నిద్రపోతే, చీకటి పడ్డాక గానీ మెలకువ రాలేదు.

నేను తిరిగి వెళ్ళేసరికి సూపర్‌వైజరు రాత్రి పనుల వరుస మార్చేశాడు. పెద్ద పోత తొలిరాత్రికి వచ్చింది. తుడవడం, సర్దడం తెల్లవారుజాముకు వెళ్ళాయి. తుక్కు యార్డు మనిషికి క్రేను నేర్పి, నేను అలసిన వేళ నా బదులు ఎక్కేలా పెట్టారు. నాయన చేతికర్ర సాయంతో ఇల్లు చేరి, మళ్ళీ మంద వెంట నడిచాడు. పని ఖాయం కావడానికి మాత్రం ఇంకా చాలాకాలం పట్టింది. ఆ రాత్రి వల్లనేనని కొందరన్నారు, నేను పట్టించుకోలేదు.

ఆ షెడ్డు ఇప్పుడూ ఉంది. పైన క్యాబిన్ లేదట, నేల మీద నిలబడి రిమోటుతో నడుపుతారట. ఎక్కడెక్కడి నుంచో పిల్లలు కాంట్రాక్టు మీద వస్తారు, ఒకరి పేరు ఒకరికి తెలిసేలోపే మారిపోతారు. మెషీన్లను మా కాలం కంటే ఎంతో భద్రంగా చేశారు, అది మంచిదే. కానీ నిద్ర మనిషిదే కదా, అది మారలేదు. ఈ రాత్రి కూడా ఆ ఊళ్ళో ఏదో ఒక షెడ్డులో ఎవరికో ఒకరికి కళ్ళు మూతలు పడుతూ ఉంటాయి. నా చేత కాదని ఆ పిల్లవాడు చెప్పుకోగలడా? చెబితే, పక్కకు వచ్చి నిలబడే బావ ఒకడు వాడికి అక్కడ ఉన్నాడా?