మూడో రోజు ఉప్పు

భవానీపురంలో సుబ్బరత్నం ఉండే సందులో ఎవరింట ఆవకాయ కలిపినా, మూడో రోజు ఆవిడకి కబురు వెళ్లాల్సిందే. ఊట దిగాక ఊరగాయ తిరగకలిపి, ఉప్పు చూసి, చాలకపోతే వేస్తారు. ఆ చూసే పని సుబ్బరత్నానిది. వేలికొసకి ఇంత అంటించుకుని, కళ్లు మూసుకుని, "ఇంకో గుప్పెడు" అనేది. ఆ మాటకు ఆ సందులో ఎదురులేదు.

ఎదురున్నదల్లా సొంత ఇంట్లోనే. మొగుడు బసవపున్నయ్య ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. కోడిగుడ్డుకు ఈకలు పీకే రకం. పెళ్లయిన ముప్పై నాలుగేళ్లలో ఆవిడ చేసిన వంట ఒక్కటీ ఆయన నోట బాగుందనిపించుకోలేదు. పులుసు పలచన అంటాడు, కూరలో ఉప్పు తక్కువంటాడు, అంటూనే మూడోసారి వడ్డించుకుంటాడు. ఆవిడ మొదట్లో ఏడ్చింది, తర్వాత నవ్వుకుంది, ఆ తర్వాత పట్టించుకోవడం మానేసింది.

దేవుడికి ఇంకెక్కడా చోటు దొరకనట్టు సుబ్బరత్నం నాలుక మీదే పుండు లేచింది. వక్కపొడికి పొక్కిందనుకుని రెణ్ణెల్లు తేనె రాసుకుంది. తీరా డాక్టరు పరీక్షలన్నీ చేయించి, నాలుక సగానికి పైగా తీసేయాలన్నాడు. ఆపరేషను సోమవారం.

"రుచి తెలుస్తుందాండీ?" అని అడిగింది సుబ్బరత్నం.

"ముందు ప్రాణం దక్కాలి కదమ్మా" అన్నాడు డాక్టరు.

ఆదివారం సాయంత్రం ఆసుపత్రిలో చేరాలి. శనివారం పొద్దున్నే ఆవిడ సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఈ యేటి ఆవకాయ తన నాలుకతో చూసి కలిపాకే చేరతానంది. అదే ఆఖరుదని ఇద్దరికీ తెలుసు.

"ఈ ఎండలో మైలవరం దాకా ఎందుకే? కాయలు మార్కెట్లో దొరకవా?"

"ముప్పయ్యేళ్లు ఆ కొండల దారంట బస్సులో తిరిగారు. నన్నొక్కసారైనా తీసుకెళ్లారా?"

బసవపున్నయ్య చెప్పులేసుకున్నాడు.

తొందరేం లేదన్నట్టే సాగింది ప్రయాణం. ఇబ్రహీంపట్నంలో దిగి టీ కొట్టు దగ్గర కూర్చున్నారు. ఇంకో బస్సెక్కి కొండపల్లిలో దిగి, కిల్లా కొండ కింద నీడ చూసుకుని గంటసేపు ఉండిపోయారు. ఆయన మిరపకాయ బజ్జీలు తెచ్చి, ఆవిడ నోటికి అవి పడవన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి, "వీటిల్లో కారమే లేదు" అని తిట్టుకుంటూ అన్నీ తానే తిన్నాడు. కొండల్ని చూస్తూ సుబ్బరత్నం, "ఇంత దగ్గర్లో ఉన్నాయటండీ ఇవి!" అంది. నెల రోజుల తర్వాత ఆవిడ మొహంలో నవ్వు కనబడింది.

మైలవరం దాటాక కొండ వారన తోట. కాపలా ఉండే అబ్రహాము కాయ కోసి, చెక్క తీసి చేతిలో పెట్టాడు. "చూడండమ్మా, పులుపు అదిరిపోద్ది."

సుబ్బరత్నం కొరికింది. నెల నుంచీ చప్పిడి జావే తాగుతోందేమో, తన నాలుకకి ఏమైందో ఆవిడకి అప్పటిదాకా తెలియలేదు. నోరంతా భగ్గుమంది. ఆ మంట తప్ప ఇంకేమీ తెలియలేదు. పులుపు కోసం నాలుకంతా వెతుక్కుంది. ఇంకో చెట్టు కాయ కొరికింది. అదే మంట.

"మీరూ ఓ ముక్క చూడండి" అంది మొగుడితో, మామూలుగా అన్నట్టే.

"ఏం పులుపే, చప్పగా ఏడ్చింది" అన్నాడు బసవపున్నయ్య.

ఆ మనిషి ఎప్పుడూ అంటాడు ఆ మాట. నిజంగా చప్పగా ఉందో, నోటి అలవాటో ఎలా తెలిసేది? తెలియడం లేదని చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు. "ఈ చెట్టు కాయలే ఇవ్వు అబ్రహామూ" అని యాభై కాయలు సంచిలో వేయించింది.

ఆదివారం కాయలు కొట్టించి కలిపింది. ఎప్పుడూ కొలతలెరగని చెయ్యి. కలుపుతూ ఒకసారి నోట్లో పెట్టుకుంది. మంటే. మామూలుగా అయితే ఉప్పు కాస్త తగ్గించే వేసి, మిగతాది మూడో రోజుకి ఉంచేది. మూడో రోజుకి తాను ఉండదు. ఈయన వేస్తాడని నమ్మి ఉప్పు తగ్గిస్తే ఊరగాయ బూజు పడుతుంది. ఉప్పంతా అప్పుడే వేసేసి, చాలదేమోనని భయం పుట్టి ఇంకో రెండు గుప్పెళ్లు వేసింది. జాడీకి గుడ్డ కట్టి, "మంగళవారం తిరగకలపండి, మరిచిపోకండి" అని చెప్పి ఆసుపత్రికి బయల్దేరింది.

బుధవారం వార్డులోకి మార్చారు. ముక్కులో గొట్టం, మెడకు కట్టు, ఏదైనా కావాలంటే రాసి చూపడానికి పలక. బసవపున్నయ్య మంచం పక్కన కూర్చుని, ఆవిడ అడగకుండానే మొదలెట్టాడు.

"నిన్న తిరగకలిపానే. అన్నంలో కలుపుకుని తిన్నాను కూడా."

ఆవిడ కళ్లతోనే, ఎలా ఉందని అడిగింది.

"అమృతమే అనుకో. ఉప్పు సరిగ్గా సరిపోయింది. వంక పెట్టడానికి లేదు."

సుబ్బరత్నం ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ మాట కోసం ముప్పై నాలుగేళ్లు ఎదురుచూసింది. పోనీ, ఎప్పటిలా ఉప్పు తక్కువని సణిగినా, బాగానే కుదిరిందనుకుని బతికిపోయేది. కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతుంటే పలక అందుకుని, వంకర అక్షరాలతో రాసి ఆయన వైపు తిప్పింది.

"పారబోయండి."

బసవపున్నయ్య ఆ పలక ఒళ్లో పెట్టుకుని, వార్డులో అందరూ చూస్తున్నారని కూడా లేకుండా భోరుమన్నాడు.